ఆటిజం గల మన బిడ్డలు: ఊహ వారికి ఆశ్రయం, తోడు మన బాధ్యత

మనలను సృష్టించి, ఒక్కొక్కరికి ఒక్కొక్క తీరున రూపాన్నీ, మాటనూ, మనసునూ ప్రసాదించిన అల్లాహ్‌కు స్తోత్రాలు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై, ఆయన కుటుంబంపై, సహచరులపై శాంతీ శుభాలూ వర్షించుగాక!

మహాశయులారా! ఈ శుక్రవారం మన ముందున్న విషయం ఆటిజం. ఈ పేరు మనలో చాలామందికి కొత్త. కాని ఆ స్థితి గల బిడ్డలు మన మోస్రా, వర్ని, బోధన్ ప్రాంతాలకు కొత్త కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021వ సంవత్సరానికి వేసిన అంచనా ప్రకారం సుమారు 127 మందిలో ఒకరికి ఆటిజం ఉంటుంది. ఆ లెక్కన మూడు, నాలుగు వందల మంది గుమిగూడే ఒక జుమా జమాఅత్‌కు చెందిన కుటుంబాలలో ఇలాంటివారు కొందరైనా ఉండి తీరాలి. మరి వారు మనకు ఎందుకు కనబడరు? అక్క పెళ్ళి సంబంధం తప్పిపోతుందనే భయంతో లోపలి గదిలో ఉన్నారు గనుక. బయటికి తెస్తే నలుగురూ తేరిపార చూస్తారని తల్లి కొంగు చాటున దాచింది గనుక. ఆ దాపరికానికి కారణం ఆ తల్లి కాదు, మన చూపులు. ఈ మాటను మనసులో ఉంచుకుని విషయంలోకి వెళదాం.

ఆటిజం అంటే ఏమిటి?

ఆటిజం అంటువ్యాధి కాదు. మందు వేస్తే దిగిపోయే జ్వరమూ కాదు. అది మెదడు ఎదిగే తీరులోనే ఉండే ఒక భేదం. ఈ భేదం గల వ్యక్తి లోకాన్ని చూసే, వినే, తాకే పద్ధతీ, తోటివారితో మెలిగే పద్ధతీ ఇతరులకు భిన్నంగా ఉంటాయి. గ్రీకు భాషలో ‘తాను’ అనే అర్థమిచ్చే మాట నుండి ఈ పేరు పుట్టింది. 1943లో అమెరికాలో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి రాసిన వ్యాసంతో ఈ స్థితి వైద్యలోకానికి విస్తృతంగా తెలిసివచ్చింది.

ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, కావలసిన వస్తువును వేలితో చూపకపోవడం, వచ్చిన నాలుగు మాటలూ మళ్ళీ పోవడం, విన్న మాటనే పదే పదే పలకడం, చేతులు ఆడించడం, చిన్న శబ్దానికే చెవులు మూసుకోవడం వంటివి దీని గుర్తులు. వీటిలో ఏదో ఒకటి కనిపించినంత మాత్రాన ఆటిజం అని నిర్ధారించుకోరాదు. కొన్ని కలిసి కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా వైద్యునికి చూపించాలి. ఆటిజం అందరిలో ఒకేలా ఉండదు. ఒకరు జీవితమంతా మాట్లాడకపోవచ్చు. మరొకరు అనర్గళంగా మాట్లాడుతూ, ఎదుటివారి ముఖంలోని భావాన్ని మాత్రం చదవలేకపోవచ్చు.

మన ఇళ్ళలో ఒక దృశ్యాన్ని ఊహించండి. తల్లి బీడీలు చుడుతూ ఉంటుంది. పక్కన కూర్చున్న బిడ్డ చాటలోని తునికాకు ముక్కలను గంటల తరబడి వరుసగా పేర్చుతూ ఉంటాడు. ఎవరైనా ఒక ఆకును కదిపితే ఇల్లు ఎగిరిపోయేలా ఏడుస్తాడు. చూసేవారికి అది మొండితనం. ఆ బిడ్డకు మాత్రం, అంతుపట్టని శబ్దాలతో, ముఖాలతో నిండిన ఈ లోకంలో తన చేతికి అందిన క్రమం అదొక్కటే. దానిని మనం చెరిపివేశాం. అందుకే ఆ ఏడుపు.

తల్లిని నిందించకండి

మహాశయులారా! బిడ్డ మాట్లాడకపోతే మన సమాజం మొదట వేలెత్తి చూపేది తల్లి వైపు. గర్భంతో ఉన్నప్పుడు ఏదో తినరానిది తిన్నదనీ, గ్రహణం చూసిందనీ, పనిలో పడి బిడ్డను పట్టించుకోలేదనీ అంటారు. భర్త గల్ఫ్‌లో ఉంటాడు. ఇంట్లో ఆమె మాట వినేవారుండరు. ఈ నింద మన పల్లెలకే పరిమితం కాదు. చదువుకున్న పాశ్చాత్య వైద్యులు కూడా ఒకప్పుడు ఇదే పొరపాటు చేశారు. తల్లి మనసు చల్లబడినందువల్లనే బిడ్డ తనలోకి ముడుచుకుపోతాడని దశాబ్దాల పాటు నమ్మారు. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వవేత్త ఆ వాదాన్ని ఖండిస్తూ గ్రంథం రాశాడు. ఆయన స్వయంగా ఆటిజం గల బిడ్డకు తండ్రి. 1977లో కవలలపై జరిగిన అధ్యయనం ఇందులో జన్యువుల పాత్ర గట్టిగా ఉందని చూపింది. తల్లి ప్రేమ లోపించడం దీనికి కారణం కాదని నేడు వైద్యలోకం ఏకకంఠంతో చెబుతోంది.

టీకాల వల్ల ఆటిజం వస్తుందనే ప్రచారం కూడా అబద్ధమే. 1998లో ఒక వైద్య పత్రికలో వచ్చిన వ్యాసం ఈ అపోహకు మూలం. 2010లో ఆ పత్రికే ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకుంది. ఈ పుకారు విని బిడ్డకు టీకా మానిపించేవారు, లేని ముప్పుకు భయపడి ఉన్న ముప్పును ఇంటికి పిలుచుకుంటున్నారు.

ఇక జిన్నుల మాట. జిన్నుల ఉనికిని మనం విశ్వసిస్తాం. అయితే విశ్వసించడం వేరు, ప్రతి మౌనం వెనుకా జిన్ను ఉందని తీర్పు చెప్పడం వేరు. బిడ్డ కోసం దుఆ చేయండి, ఖుర్ఆన్ పారాయణం చేయండి. అందులో ఎంతో ఊరట ఉంది. కాని వదిలించడం పేరుతో బిడ్డను కొట్టడం, పొగ పెట్టడం, కట్టివేయడం దౌర్జన్యం. వ్యాధికి చికిత్స చేయించుకోమని ఆజ్ఞాపించిన ప్రవక్త (స) అనుచరులం మనం. దుఆ చేసే చేయే బిడ్డను వైద్యుని వద్దకూ నడిపించాలి.

రెక్కల గుర్రం

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఆటిజం గలవారికి ఊహాశక్తి ఉండదని చాలాకాలం అనుకున్నారు. 1979లో లండన్‌లో లోర్నా వింగ్, జూడిత్ గౌల్డ్ అనే ఇద్దరు పరిశోధకురాళ్ళు ఈ పిల్లలకు తోటివారితో మెలగడంలో, మాటలో, ఊహతో కూడిన ఆటలో ఇబ్బందులు కలిసి ఉంటాయని వివరించారు. ‘ఇబ్బంది ఉంది’ అన్న మాటను లోకం ‘ఊహే లేదు’ అని అర్థం చేసుకుంది. తర్వాత ఆటిజం గలవారే నోరు విప్పి చెప్పినప్పుడు సంగతి వేరుగా తేలింది. 1947లో అమెరికాలో పుట్టిన టెంపుల్ గ్రాండిన్ అనే మహిళ తన ఆలోచన మాటలలో కాక బొమ్మలుగా సాగుతుందని 1995లో ప్రచురించిన గ్రంథంలో వివరించింది. పశువు కంటికి ఏది భయం గొలుపుతుందో మనసులోనే చూడగలిగినందున, పశువులు బెదరకుండా నడిచే దారులను ఆమె రూపొందించింది. విశ్వవిద్యాలయంలో పశుశాస్త్ర ఆచార్యురాలైంది. 2018లో ప్రచురితమైన ఒక అధ్యయనం, ఆటిజం గల పిల్లలలోనూ కొందరికి ఊహా మిత్రులు ఉంటారని తెలిపింది. ఇతర పిల్లలతో పోలిస్తే అలాంటివారి సంఖ్య తక్కువే గాని, లేకపోలేదు.

ఊహ వారికి ఎందుకు ఆశ్రయమవుతుంది? మనుషుల లోకంలో మాట వేగంగా వస్తుంది, జవాబు వెంటనే చెప్పాలి. ఊహాలోకంలో తొందర లేదు. మనుషుల ముఖాలు చెప్పకుండానే మారిపోతాయి. ఊహలోని నేస్తం నిన్న ఎలా ఉన్నాడో నేడూ అలాగే ఉంటాడు. అక్కడ తడబడినా నవ్వేవారుండరు. బయట ఎండ మండుతున్నప్పుడు వేపచెట్టు నీడకు చేరినవాణ్ణి మనం తప్పుపడతామా?

కొందరు తల్లిదండ్రులు ధర్మబద్ధమైన ఒక సందేహం వెలిబుచ్చుతారు: బిడ్డ లేని నేస్తంతో మాట్లాడుతున్నాడు, జరగని సంగతులు చెబుతున్నాడు, ఇది అబద్ధం కాదా అని. దీనికి సమాధానం ప్రవక్త (స) ఇంటిలోనే ఉంది. సునన్ అబూ దావూద్‌లోని ఉల్లేఖనం ప్రకారం, ఆయన (స) ఒక దండయాత్ర నుండి తిరిగివచ్చారు. గాలికి తెర తొలగి, హజ్రత్ ఆయిషా (రజి) ఆడుకునే బొమ్మలు కనిపించాయి. వాటి నడుమ గుడ్డ పేలికలతో రెండు రెక్కలు కుట్టిన ఒక గుర్రం ఉంది. అదేమిటని అడిగారు. గుర్రమని ఆమె చెప్పారు. దానిపై ఉన్నవేమిటని అడిగారు. రెక్కలని చెప్పారు. గుర్రానికి రెక్కలా అని ఆయన (స) ఆశ్చర్యపోయారు. సులైమాన్ ప్రవక్త (అలైహిస్సలాం) గుర్రాలకు రెక్కలుండేవని మీరు వినలేదా అని ఆమె ఎదురు ప్రశ్న వేశారు. ఆయన (స) దవడ పళ్ళు కనిపించేలా నవ్వారు.

ఈ సంఘటనలో ఆయన (స) చేసిన పనులను లెక్కించండి. అడిగారు. విన్నారు. మళ్ళీ అడిగారు. నవ్వారు. ఆ నవ్వు ఎగతాళి నవ్వు కాదు, సంతోషపు నవ్వు. బొమ్మను లాక్కోలేదు. అబద్ధమని గద్దించలేదు. గుర్రాలకు రెక్కలుండవని పాఠం చెప్పలేదు. మోసగించాలనే ఉద్దేశంతో పలికేది అబద్ధం. మోసం ఎరుగని బిడ్డ ఊహకు ఆ పేరు పెట్టకండి. మీ బిడ్డ తన లోకం గురించి ఒక ముక్క చెప్పినప్పుడు, రెండవ ప్రశ్న అడగండి. ఆ రెండవ ప్రశ్నే తలుపు.

తలుపు తట్టినవారు

ఆ తలుపు ఎలా తెరుచుకుంటుందో చెప్పే ఒక ఆధునిక ఉదాహరణ ఉంది. అమెరికాలో రాన్ సస్కిండ్ అనే పత్రికా రచయిత కుమారుడు ఓవెన్‌కు మూడేళ్ళ వయసులో మాటలు పోయాయి. ఆ బిడ్డ ఎప్పుడూ డిస్నీ కార్టూన్ చిత్రాలు చూస్తూ ఉండేవాడు. అతడు వాటిలోని సంభాషణలను కంఠతా పట్టాడని తల్లిదండ్రులకు క్రమంగా అర్థమైంది. అతనికి ఆరేళ్ళు దాటిన తర్వాత ఒకనాడు తండ్రి అల్లాఉద్దీన్ కథాచిత్రంలోని చిలుక బొమ్మను చేతికి తొడుక్కుని, ఆ చిలుక గొంతుతో బిడ్డను పలకరించాడు. నీవు నీవుగా ఉండటం ఎలా ఉంటుందని అడిగాడు. ఏళ్ళ తరబడి సంభాషణ ఎరుగని ఆ బిడ్డ, తాను సంతోషంగా లేడనీ, తనకు స్నేహితులు లేరనీ చిలుకతో చెప్పుకున్నాడు. తండ్రితో చెప్పలేనిది చిలుకతో చెప్పాడు. ఆ కుటుంబం నాటి నుండి ఆ కథల భాషలోనే అతనితో మాట్లాడసాగింది. 2014లో తండ్రి ఈ వృత్తాంతాన్ని గ్రంథంగా ప్రచురించాడు.

ఆ బిడ్డ మొదటి జవాబును మరొకసారి గుర్తు చేసుకోండి: స్నేహితులు లేరు. ఆటిజం గలవారికి తోడు అక్కరలేదనుకోవడం మన అపోహ. ఊహ నీడనిస్తుంది, కాని అన్నం పెట్టదు. ఊహాలోకంలో ఎంత హాయి ఉన్నా, మనిషికి మనిషి కావాలి. ఆశ్రయం చెరసాల కాకుండా చూడవలసింది తోడుగా ఉండేవారే. బిడ్డ ఊహ వల్ల నిద్రాహారాలు మానివేసినా, తీవ్రమైన భయానికి లోనైనా, తనకో ఇతరులకో హాని చేయమనే గొంతులు వినబడుతున్నాయని చెప్పినా, అది ఆట కాదు. అప్పుడు తప్పక వైద్యుని సంప్రదించాలి.

2012లో బ్రిటన్‌కు చెందిన డేమియన్ మిల్టన్ అనే సామాజికవేత్త ఒక ఆలోచనను ముందుకు తెచ్చాడు. ఆయనకూ ఆటిజం ఉంది. ఆటిజం గలవారు ఇతరులను అర్థం చేసుకోలేరనేది సగం నిజమేననీ, ఇతరులు కూడా వారిని అర్థం చేసుకోలేకపోతున్నారనీ, లోపం ఇరువైపులా ఉందనీ ఆయన వాదించాడు. రెండు భాషల నడుమ బ్రతికే మనకు ఇది సులభంగా బోధపడాలి. ఇంటిలో ఉర్దూ, అంగడిలో తెలుగు మనకు అలవాటు. తెలుగు రాని ముసలమ్మ సంతలో తడబడితే ఆమెకు బుద్ధి లేదని ఎవరూ అనరు. పక్కనున్నవారు ఆమె మాటను అందుకుని చెబుతారు. ఆటిజం గల బిడ్డదీ ఒక భాషే. దానిని నేర్చుకునే భారమంతా ఆ బిడ్డపైనే మోపడం న్యాయం కాదు.

ప్రవక్త (స) ఆ భారాన్ని ఎవరిపై ఉంచారో చూడండి. సహీహ్ ముస్లింలో హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. మదీనాలో బుద్ధిస్థితి సరిగా లేని ఒక స్త్రీ ఉండేది. ఆమె ప్రవక్త (స) వద్దకు వచ్చి, మీతో పని ఉందని చెప్పింది. ఆయన (స) ఆమెను గౌరవంగా ఫలానావారి తల్లీ అని సంబోధించి, నీకు ఇష్టమైన వీధిని నీవే ఎంచుకో, నీ అవసరం తీరుస్తాను అన్నారు. ఆమెతో పాటు ఒక దారిలోకి వెళ్ళి, ఆమె చెప్పుకోవలసినదంతా ముగిసేవరకు ఉన్నారు. రాజ్యభారం వహిస్తున్న ప్రవక్త (స) దారిని ఎంచుకునే హక్కును ఆమెకు ఇచ్చారు. తోడు అంటే ఇదే. మన వీధిలోకి వారిని ఈడ్చుకురావడం కాదు, వారు ఎంచుకున్న వీధిలో మనం నడవడం.

బిడ్డ నిజాంసాగర్ కాలువలో పారే నీళ్ళను చూస్తూ గంటసేపు నిలబడతాడా? గట్టున అతని పక్కన నిలబడండి. నీటి దగ్గర ఒంటరిగా మాత్రం వదలకండి. మేకపిల్లతో తప్ప ఎవరితోనూ కలవడా? ఆ మేకపిల్ల క్షేమం అడగండి. అనస్ (రజి) తమ్ముడైన చిన్నారి అబూ ఉమైర్ పెంచుకున్న పిట్ట చనిపోతే, ప్రవక్త (స) ఆ పిట్ట గురించే అడిగి అతణ్ణి పలకరించారు. పెద్దలకు పిట్ట చిన్న విషయం. ఆ పసివానికి అదే లోకం.

మస్జిదులో మనం చేయవలసినవి

మస్జిదుకు వచ్చే ఆటిజం గల బాలునికి మైకు శబ్దం, ఫ్యాన్ల హోరు, అత్తరు ఘాటు, భుజానికి భుజం తగలడం అన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. అతడు చెవులు మూసుకుంటే అది అజాన్ పట్ల అగౌరవం కాదు. గోడవైపు వరుస చివరి స్థానాన్ని అతనికి కేటాయించండి. రద్దీ లేని వేళ ముందుగా తీసుకువచ్చి వుజూ స్థలాన్ని, సఫ్‌లను చూపించండి. ఏమి జరుగుతుందో ఆ క్రమాన్ని బొమ్మలుగా గీసి చూపితే మరింత మేలు. నమాజులో కేక వేస్తే వెనక్కి తిరిగి చూడకండి. పసిబిడ్డ ఏడుపు వినబడితే తల్లి మనసు తల్లడిల్లుతుందని ప్రవక్త (స) నమాజునే కుదించారు. మనవరాలు ఉమామాను ఎత్తుకుని నమాజు చేశారు. బిడ్డ గొంతుకు చోటు లేని నిశ్శబ్దం ఆయన మస్జిదుది కాదు.

బుద్ధి వికసించని వ్యక్తి పేరిట పాపాల లెక్క రాయబడదని మనకు తెలుసు. అయితే ఆటిజం పిచ్చి కాదు. గ్రహించగలిగినవారు ఎందరో ఉన్నారు. వారిని ‘నీకు ఆరాధన అక్కరలేదు’ అని తోసివేయడం కూడా అన్యాయమే. ఎవరి శక్తి ఎంతో, వారి బాధ్యత అంత.

ఆస్తి విషయం కూడా స్పష్టంగా చెప్పాలి. ఆటిజం ఉన్నంత మాత్రాన షరీఅత్ ఎవరి వారసత్వ వాటానూ తగ్గించలేదు. ‘వాడికేం తెలుస్తుంది’ అంటూ తమ్ముని వాటా కలుపుకునే అన్నలు అల్లాహ్ ముందు జవాబు చెప్పుకోవాలి. తమ ఆస్తిని తామే చూసుకోలేనివారికి అందులో నుండి అన్నవస్త్రాలు సమకూర్చమనీ, వారితో మంచిగా మాట్లాడమనీ సూరా నిసా ఆదేశిస్తోంది. అన్నవస్త్రాలతో పాటు మంచి మాటను కూడా అల్లాహ్ విధిగా చేశాడు.

చట్టం, సదుపాయాలు

‘మా తర్వాత వీడి గతి ఏమిటి?’ ప్రతి తల్లీ తండ్రీ రాత్రివేళ అడుక్కునే ప్రశ్న ఇది. దీనికి పూర్తి జవాబు చట్టంలో లేదు గాని, కొంత ఊతం ఉంది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజాన్ని పేర్కొంది. ఆ చట్టం కింద, 18 ఏళ్ళు నిండిన తర్వాత అవసరమైనవారికి సంరక్షకుని నియమించే స్థానిక స్థాయి కమిటీలో జిల్లా కలెక్టరు ఉంటారు. నిరామయ అనే పథకం ద్వారా లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా లభిస్తుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఒకటి. నిర్ణీత స్థాయి వైకల్యం గల బిడ్డలకు 6 నుండి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య వారి హక్కు. నలుగురిలో వికలాంగుని ఉద్దేశపూర్వకంగా అవమానిస్తే ఆరు నెలలకు తక్కువ కాని జైలుశిక్ష పడుతుందని కూడా ఆ చట్టం చెబుతోంది. వీధిలో వెక్కిరించేవారు ఇది గుర్తుంచుకోవాలి.

అనుమానం కలిగిన వెంటనే ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల వైద్యునికి చూపించండి. వైకల్య ధ్రువీకరణ పత్రం కోసం దరఖాస్తు చేయండి. పింఛను మొదలు అనేక సదుపాయాలకు అదే ఆధారం. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ ఉంది. బుద్ధి వికాసంలో ఇబ్బందులు గల పిల్లలను అక్కడ పరీక్షించి, తల్లిదండ్రులకు శిక్షణ ఇస్తారు. నిజామాబాద్ నుండి రైలులో వెళ్ళి రాగలిగిన దూరమే. ఆ ప్రయాణానికి తల్లి ఒంటరిగా వెళ్ళకూడదు. భర్త దూరదేశంలో ఉంటే, జమాఅత్ నుండి ఒక కుటుంబం తోడుగా వెళ్ళాలి. ఉమయ్యా ఖలీఫా వలీద్ ప్రతి అంధునికి ఒక మార్గదర్శిని, నడవలేని ప్రతివానికి ఒక సేవకుణ్ణి నియమించాడని చరిత్రకారులు రాశారు. ఖలీఫా ఖజానా మన వద్ద లేదు. రైలు టిక్కెట్టు కొనే స్థోమత, ఒక రోజు సమయం మాత్రం ఉన్నాయి.

మహాశయులారా! ఈ నమాజు ముగిసిన తర్వాత మీ వీధిలో తలుపు మూసి ఉంచిన ఆ ఇల్లు ఏదో మీకు తెలుసు. అక్కడికి సలహాలతో వెళ్ళకండి, జాలితో వెళ్ళకండి. సలాం చెప్పి కూర్చోండి. బిడ్డ ఏమి ఆడుతున్నాడో చూడండి. అతడు పేర్చిన వరుసలో ఆకు కదపకుండా, ఇదేమిటని అడగండి. జవాబు రాకపోయినా వచ్చే వారం మళ్ళీ వెళ్ళండి.

ఓ అల్లాహ్! మాట రాని మా బిడ్డల మనసులోని మాట నీకు తెలుసు. వారి ఊహలను భయాల నుండి కాపాడు. వారి తల్లుల అలసటను నీ వద్ద పుణ్యంగా రాయి. వారు ఎంచుకున్న వీధిలో వారితో నడిచే ఓర్పును మాకు ప్రసాదించు. మా తర్వాత వారిని ఒంటరులను చేయకు. ఆమీన్.